రెండు వందల నలభై ఎడమ చేతులు

మరిదిని ఎవరేం అడిగినా వదినే జవాబు చెప్పేది. మాస్టారూ, టీ తాగుతారా అని ఎవరైనా అడిగితే, ఇప్పుడు తాగడు, పదకొండుకి తాగుతాడని పది అడుగుల అవతలి నుంచి కేక వచ్చేది. పెళ్లికి పిలవడానికి వస్తే, వాడికి జనం పడరు, మేం వస్తాంలే అని గుమ్మంలోనే తేల్చేసేది. ఒకసారి డాక్టరు నొప్పి ఎక్కడ అని మరిదిని అడిగితే అదీ ఆవిడే చెప్పింది. డాక్టరు కళ్లజోడు పైనుంచి చూసి, నొప్పి మీకా ఆయనకా అన్నాడు. ఆవిడకి అందులో వెటకారమేమీ కనబడలేదు. "వీడికేనండీ, ఎడం భుజం," అంది. నొప్పి కుడి భుజంలో. మాత్ర ఏ భుజానికైనా ఒకటే కాబట్టి తగ్గిపోయింది, ఆ సంగతి అక్కడితో ముగిసింది.

ఇరవై ఆరేళ్ల కిందట ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మరిదికి పద్దెనిమిది. వారం రోజులు అతను కొత్త వదినతో ఒక్క ముక్కా మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే వచ్చి నిలబడి, "వదినా, నువ్వు పై గడియ ముందు వేస్తున్నావ్. ఇక్కడ కింది గడియ ముందు వేస్తాం," అన్నాడు. వారమంతా కూడబెట్టుకున్న మాట అదన్నమాట. ఆవిడకి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి కింది గడియే ముందు వేసింది. ఆ రోజు నుంచే అతన్ని లోకానికి విప్పి చెప్పే ఉద్యోగం కూడా ఆవిడ మీద పడింది. జీతం లేదు, సెలవు లేదు. దర్జా మాత్రం బోలెడు. మా మరిది సంగతి మీకేం తెలుసు, నన్నడగండి అనడంలో ఉన్న సుఖం ఇంకే పనిలోనూ ఆవిడకి దొరకలేదు.

షెడ్డులో పని కూడా ఆవిడే ఇప్పించింది. యూనిఫారాలు కుట్టే షెడ్డు అది. రేకుల కప్పు కింద పద్నాలుగు మిషన్లు రెండు వరసల్లో ఉంటాయి. ఆ వరసల నడుమ, హాలుకి వెన్నెముకలాగా, కటింగ్ బల్ల. బట్టను పొర మీద పొరగా దాని మీద పరిచి, పై పొర మీద సుద్దతో గీసి, కరెంటు కత్తితో అన్ని పొరలూ ఒక్కసారే కోస్తారు. గీత తప్పిందంటే అరవై పొరలూ తప్పినట్టే. అందుకే కటింగ్ మాస్టరంటే షెడ్డులో అందరికీ భయంతో కూడిన గౌరవం. మరిది పదిహేడేళ్లుగా ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. వదినది గోడవారగా ఉన్న చెకింగ్ బల్ల. దారాలు కత్తిరించడం, బొత్తాలు లాగి చూడటం, కుట్టు వంకర పోతే కుట్టినవాళ్ల మొహాన చెప్పడం ఆవిడ పని. అతను వదినా అని పిలుస్తాడు కాబట్టి షెడ్డంతా ఆవిడని వదినా అనే పిలిచేది. ఓనరుతో సహా.

మరిది పద్ధతి మరిదిది. పొద్దున్న ఎనిమిదింటికి నమస్కారం పెడితే తిరిగి పెట్టడు. పరిచిన బట్ట అంచు మీద అరచెయ్యి ఆనించి బల్ల చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. అప్పుడు గీస్తాడు, అప్పుడు కోస్తాడు. మొదటి కోత పడ్డాక కత్తి ఆపి తలెత్తి, ఎవరెవరు నమస్కారం పెట్టారో వరసగా వాళ్లందరికీ బదులు పెడతాడు. ఎనిమిదింటి నమస్కారానికి తొమ్మిదింబావుకి జవాబొచ్చేది. కొత్తగా చేరినవాళ్లు మొదటి రోజు పొగరనుకునేవారు. రెండో రోజుకి, ఇంకా మన వంతు రాలేదులే అని సర్దుకునేవారు. దీని గురించి ఎవరికీ ఏ పేరూ అవసరం పడలేదు. మాస్టారు అంతే, అనుకునేవారు. అందులో ప్రేమ ఉందో బద్ధకం ఉందో చెప్పడం కష్టం.

పేరు తెచ్చింది చిన్నమేడమ్.

ఓనరుగారు మోకాళ్లు మొరాయించి ఇంట్లో కూర్చున్నాక కూతురు షెడ్డు చూడటం మొదలుపెట్టింది. మంచి పిల్ల. అందరినీ అండీ అనేది, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా సొంత కారులో దింపేది. ఒకటే చిక్కు. ఆవిడ బుర్ర ఒకచోట నిలవదు. పొద్దున్న పని చీటీలో నర్సుల కోట్లు అని రాసేది. పదింటికి వచ్చి, కాదండీ, ముందు వంటవాళ్ల ఏప్రన్లు అనేది. భోజనాల వేళకి ఆ చీటీ కూడా పోయి ఇంకో చీటీ వచ్చేది. ఎవరైనా గొణిగితే, నాకు ఏడీహెచ్‌డీ అండీ అని నవ్వేది. ఏ డాక్టరూ చెప్పలేదు, ఫోనులో ఏదో పరీక్ష రాసుకుంది. ఉండి ఉండవచ్చు కూడా. ఆ పేరు తెలియకముందు చీటీ రోజుకి నాలుగుసార్లు మారేది, తెలిశాకా నాలుగుసార్లే మారేది. తేడా ఏమిటంటే ఇప్పుడు గొణగడానికి లేదు.

ఒక నెల ఆవిడ రెండు రోజుల శిక్షణకి వెళ్లింది. పనివాళ్ల మనసులను ఎలా గుర్తించాలి అనే విషయం మీద. తిరిగొచ్చేటప్పుడు ఒక సర్టిఫికెట్టూ, మెడలో వేసుకునే కార్డుల కట్టా, ఇరవై ప్రశ్నల కాగితాలూ తెచ్చింది. ఇలాంటి పేర్లు పెట్టడం చదువుకున్నవాళ్లు గంటలకొద్దీ కూర్చుని, చిన్ననాటి సంగతులు తవ్వి, అప్పటికీ కాస్త భయపడుతూ చేస్తారట. ఇక్కడ టీ విరామం పదిహేను నిమిషాలు.

అందరూ రాశారు. కార్డులొచ్చాయి. చేతులు కుట్టే ఆవిడకి, అంటే కోట్లకి చేతులు అతికించే ఆవిడకి, 'అగ్ని స్వభావం' అని వచ్చింది. నోటి దురుసని మర్యాదగా రాశారన్నమాట, అని ఆవిడే చదివి వినిపించింది. వదినకి 'మనుషుల మనిషి' వచ్చింది. దానికి మాత్రం షెడ్డంతా చప్పట్లు కొట్టింది.

మరిది కాగితం ఒక్కటే ఆగిపోయింది. కొత్తవాళ్లతో మాట్లాడటం మీకు ఇబ్బందా అన్నది మొదటి ప్రశ్న. ఏ కొత్తవాళ్లు అని అడిగాడు. ఎవరైనా అండీ, అంది చిన్నమేడమ్. ఎవరైనా అంటే ఎలా తెలుస్తుంది, వాళ్లని చూడాలి కదా, అన్నాడు. రెండో ప్రశ్న, పని మధ్యలో ఆటంకం వస్తే చిరాకు పడతారా. బట్ట పరచక ముందా, పరిచాకా, అన్నాడు. విరామం అయిపోయింది. రెండు ప్రశ్నలూ అలాగే ఉన్నాయి. వదిన చూసి చూసి, మిషన్ల రొదలోనే వచ్చి ఆ కాగితం లాక్కుంది. ఇటివ్వు, నీతో అయ్యేలా లేదు, వీడి సంగతి నాకు తెలియదా అంటూ, ఒక చేత్తో కణత నొక్కుకుంటూ, రెండో చేత్తో, మరిది చూస్తుండగానే, టకటకా ఇరవైకి ఇరవై టిక్కులు పెట్టేసింది. నిమిషంలో అయిపోయింది.

రెండు రోజుల తర్వాత చిన్నమేడమ్ ఆవిణ్ణి తన ఆఫీసుకి, అద్దాల గదిలోకి పిలిచి, తలుపు వేసి, గొంతు తగ్గించి చెప్పింది. మాస్టారుగారు న్యూరోడైవర్జెంట్, అంటే ఆయన మెదడు మనలా కాకుండా వేరేగా పనిచేస్తుంది. ఆటిజం స్పెక్ట్రమ్ మీద ఉన్నారు. ఇన్నేళ్లూ ఈ శబ్దంలో, ఈ వెలుతురులో ఆయన ఎంత నరకం పడి ఉంటారో తలుచుకుంటే నాకు నిద్ర రావడం లేదు, అని కళ్లు తుడుచుకుంది. వదిన కూడా తుడుచుకుంది. ఏడుపు అంటుకుంటుంది.

ఏడుపు అయిపోయాక వదినకి గర్వం వచ్చింది. ఇంటికెళ్లి మొగుడికి చెప్పింది. ఆయన తమ్ముడి వంక రెండు నిమిషాలు చూసి, అందుకేనా మన పెళ్లి ఫొటోలో పక్కకి తిరిగి నిలబడ్డాడు, అన్నాడు. వెలుతురు పడదు కదా పాపం, అంది వదిన. మరిది అన్నం కలుపుకుంటూ, ఆ పక్కన కుక్క ఉంది, దాన్ని చూశా, అన్నాడు. అతని మాట ఎవరూ పట్టించుకోలేదు. ఇక చుట్టాలకి ఫోన్లు. ఇన్నాళ్లూ 'వాడు అంతే' అని చెప్పిన చోటల్లా ఇప్పుడు ఆవిడ ఇంగ్లీషు మాట చెప్పింది. అవతలివాళ్లు ఒక్క క్షణం ఆగి, అయ్యో, అలాగా అనేవారు. ఇరవై ఆరేళ్లలో ఎవరూ ఆవిడ మాట అంత శ్రద్ధగా వినలేదు.

షెడ్డులో మార్పులు శిక్షణలో ఇచ్చిన పుస్తకం ప్రకారం జరిగాయి. వెనక పాత బొత్తాల గది ఖాళీ చేయించి మరిది బల్ల అందులోకి చేర్చారు. గది చిన్నది, బల్ల పొడవు. ఒక పొడుగు పక్క పూర్తిగా గోడకి ఆనించాల్సి వచ్చింది. పైన ట్యూబులైటు తీసేసి, కళ్లకి హాయిగా ఉండాలని పచ్చటి గుడ్డిదీపం పెట్టారు. చెవులకి శబ్దం రాకుండా ఖరీదైన హెడ్‌ఫోన్లు ఇచ్చారు. తలుపుకి 'దయచేసి మాస్టారుని పలకరించవద్దు' అని అందంగా రాసిన బోర్డు తగిలించారు. కోతపని చేసే మనిషికి వెలుతురు తీసేయడం ఏమిటని షెడ్డులో పద్నాలుగు మందికీ తోచింది. సైన్సు కదా అని ఊరుకున్నారు.

బల్ల లేచిపోయిన చోట, పద్నాలుగు మిషన్ల నట్టనడుమ, చెకింగ్ బల్ల వేశారు. మనుషుల మనిషి మనుషుల మధ్య ఉండాలి కదా. వదిన థాంక్సండీ అంది. ఆవిడకి మొదటి నుంచీ ఒక అలవాటు ఉంది. రోజూ నాలుగింటికి స్టోరు గదిలోకి వెళ్లి స్టాకు చూసి వచ్చేది. ఇంత శ్రద్ధగా స్టాకు చూసే మనిషి లేదని ఓనరుగారు ఎప్పుడూ మెచ్చుకునేవారు. బల్ల మధ్యకి వచ్చాక ఆవిడ పదకొండుకీ, రెండుకీ, నాలుగుకీ స్టాకు చూడటం మొదలుపెట్టింది. స్టాకు మాత్రం అంతే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం మరిదికి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి ఆ గదికి వెళ్లింది. హెడ్‌ఫోన్లు మేకుకి వేలాడుతున్నాయి. అతను తలుపు సందులో చెవి పెట్టి నిలబడి ఉన్నాడు.

"ఏంటిది?"

"ఇక్కడ ఏమీ వినబడదు వదినా. చేతులావిడ ఇంటి ఓనరు నీళ్లు మళ్లీ కట్టేశాడా లేదా?"

వదిన తెల్లబోయింది. చేతులావిడకీ వాళ్లింటి ఓనరుకీ నీళ్ల ట్యాంకు దగ్గర యుద్ధం నడుస్తున్న మాట నిజమే. రోజూ కుడుతూ పక్క మిషనావిడకి చెబుతుంది. దాన్ని మరిది వింటాడని, వినడమే కాదు, ఎదురుచూస్తాడని ఆవిడ ఊహించలేదు. నీకెందుకవన్నీ అంది. పోయిన గురువారం ఆగింది అక్కడ, పోలీసుల దగ్గరికి వెళ్తానంది, వెళ్లిందా అన్నాడు. మనుషులు పడని మనిషికి ఇదేం పిచ్చి అనుకుంది వదిన. కొత్త చోటు కదా, అలవాటవుతుందిలే అని వచ్చేసింది.

వారం తిరక్కుండానే ఆస్పత్రి కోట్లు వచ్చాయి. నూట ఇరవై కోట్లు. ఒక పక్క నున్నగా, ఒక పక్క గరుకుగా ఉండే తెల్ల బట్ట. నున్నటి పక్కే బయటికి రావాలి. అలాంటి బట్టలో కుడి చెయ్యి కుడికే, ఎడమ చెయ్యి ఎడమకే. తిరగేసి సరిపెట్టడానికి ఉండదు. పదిహేడేళ్లుగా మరిది బల్లకి ఈ పక్క నిలబడి అట్ట నమూనాని రాత పైకి పెట్టి ఎడమ చేతులు గీసేవాడు. నడుచుకుంటూ ఆ పక్కకి వెళ్లి, రాత కిందికి తిప్పి, కుడి చేతులు గీసేవాడు. ఈ లెక్క అతని తలలో లేదు, కాళ్లలో ఉంది. ఇప్పుడు ఆ పక్క గోడ. ఆ పొద్దున్న చీటీ కూడా మూడుసార్లు మారింది. కోట్లన్నారు, ఏప్రన్లన్నారు, అరవై పొరలూ పరిచాక లాగేయమన్నారు, మళ్లీ కోట్లే అన్నారు. అతను మళ్లీ పరిచాడు. గుడ్డిదీపం కింద వంగి, ఈ పక్కనే నిలబడి, పొరలో పట్టే నాలుగు చేతులూ గీశాడు. కోశాడు.

మర్నాడు పొద్దున్న చేతులావిడ మొదటి కట్ట ఎడమ చేతులు అతికించి, కుడివి తీసింది. ఒకటి తిప్పి చూసింది. ఇంకో కట్ట విప్పింది. ఇంకోటి. ఆ తర్వాత మిషను ఆపి, హాలంతా వినబడేలా అడిగింది: "ఏమ్మా, ఆ ఆస్పత్రిలో కుడి చెయ్యి ఎవరికీ లేదా?"

రెండు వందల నలభై చేతులు. అన్నీ ఎడమవే. ఆ రంగు తానులో మిగిలింది జేబులకీ, కాలర్లకీ, నడుం పట్టీలకీ పెట్టుకున్న ముక్క మాత్రమే. మళ్లీ తెప్పిస్తే తెలుపులో తేడా వస్తుంది, ఆస్పత్రివాళ్లు తీసుకోరు.

చిన్నమేడమ్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వదినని అద్దాల గదిలోకి పిలిచి, మళ్లీ గొంతు తగ్గించింది. తప్పు నాదేనండీ, ఇలాంటి మనిషి మీద ఇంత ఒత్తిడి పెట్టకూడదు, అంది. సోమవారం నుంచి మాస్టారుగారు అట్టపెట్టెలు మడిచే పనిలో ఉంటారు. జీతం తగ్గదు. ఎవరూ ఏమీ అనరు. కత్తి పట్టక్కర్లేదు. కటింగుకి ఇంకో మనిషి వస్తున్నాడు. "ఆయన ప్రశాంతంగా ఉంటారండీ," అంది.

అట్టపెట్టెలు మడవడం షెడ్డులో చూపు ఆనని ముసలివాళ్లకి ఇచ్చే పని. పదిహేడేళ్ల మాస్టరు సోమవారం నుంచి అక్కడ కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. అదే కదా భయం. "వాడు బాగానే కోస్తాడమ్మా. ఆ గదిలోనే ఏదో..." అంటూ నసిగింది వదిన.

"ఆ గది ఆయన అడిగినట్టే కదా చేశాం వదినగారూ. ఆయనే రాశారు, చూడండి." చిన్నమేడమ్ ఫైలు తీసి ఇరవై ప్రశ్నల కాగితం ముందు పెట్టింది.

వదిన చూసింది. ఏడో ప్రశ్న: యంత్రాల శబ్దానికి తల పగిలిపోతున్నట్టు ఉంటుందా? చాలా ఎక్కువగా, అని టిక్కు. పదకొండు: గట్టి వెలుతురులో కళ్లు మూసుకోవాలనిపిస్తుందా? చాలా ఎక్కువగా. పద్నాలుగు: ఎవరూ కనిపించని చోటికి వెళ్లి కాసేపు నిలబడాలనిపిస్తుందా? ఆ టిక్కు ఎంత గట్టిగా పడిందంటే కాగితం చిరిగింది.

మరిది ఎప్పుడూ ఏ శబ్దానికీ చెవులు మూసుకోలేదు. దీపాల గురించి ఎన్నడూ అనలేదు. ఎక్కడికీ వెళ్లి నిలబడలేదు. మరి ఇవెవరివి? ఆవిడకి వెంటనే తెలియలేదు. తెలిశాక మాత్రం, మళ్లీ వస్తానమ్మా, స్టాకు చూసుకోవాలి అని లేచింది.

స్టోరు గదిలో నిలబెట్టిన బట్ట తానుల మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. ఆవిడ అందులోకి దూరి, రెండు తానులకి తల ఆనించి, కళ్లు మూసుకుని నిలబడింది. బట్ట శబ్దాన్ని తాగేస్తుంది. రోజూ ఇలాగే నిలబడుతుంది, ఇరవై ఏళ్లుగా. దీన్ని ఆవిడ స్టాకు చూడటమనే అనుకునేది. అందరితో అలాగే చెప్పేది కాబట్టి తనకీ అలాగే చెప్పుకుంది. ఇప్పుడు నిలబడితే ఒక్క తాను మీద చీటీ ఏమిటో కూడా ఆవిడకి తెలియదని తట్టింది.

నోరు మూసుకుంటే సోమవారం మరిది పెట్టెల దగ్గర కూర్చుంటాడు. చెబితే, మరిది సంగతి నాకు తెలియదా అని ఇరవై ఆరేళ్లు చెప్పిన నోటితోనే, తెలియదని చెప్పాలి. ఇదేం పెద్ద సంగతా అని మీరు అనవచ్చు. ఆవిడకి ఉన్న ఆస్తి అదొక్కటే.

బొత్తాల గదికి వెళ్లింది. మరిది ఎడమ చేతుల కట్టలు పొందిగ్గా పేర్చుకుంటున్నాడు. మొహంలో ఏమీ లేదు. అతని మొహంలో ఏమీ లేకపోతే లోపల ఏమీ లేదని ఆవిడ చాలామందికి చెప్పింది. చేతులు మాత్రం పేర్చిన కట్టనే మళ్లీ విప్పి పేరుస్తున్నాయి.

"ఆ కాగితంలో నేను తప్పు రాశాను," అంది గుమ్మంలోంచే. "నీవి కొన్నే. కొన్ని..."

"ఏడు, పదకొండు, పద్నాలుగు నీవి," అన్నాడు అతను కట్టలు సర్దుతూనే. "నువ్వు నాలుగింటికి తానుల్లోకి వెళ్తావ్ కదా. ఇప్పుడు మూడుసార్లు వెళ్తున్నావ్."

ఆవిడ తలుపు పట్టుకుంది. "తెలుసా నీకు? మరి చెప్పవేం?"

"నువ్వు చెబుతావనుకున్నా. ఎప్పుడూ నువ్వే కదా చెప్పేది."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటే ఆవిడ తట్టుకునేది, ఎత్తిపొడుపులు ఆవిడకి కొత్త కాదు. అది లేదు. టైమెంతయింది అంటే చెప్పినట్టు చెప్పాడు. ఆవిడ లోపలికి వచ్చి, మూల మిగిలిపోయిన బొత్తాల డబ్బా మీద కూలబడింది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి, జవాబు తనకి తెలియని ప్రశ్న ఒకటి అడిగింది.

"నీకు పెళ్లిళ్లకి రావాలని ఉంటుందా?"

"కొన్నిటికి."

"వేటికి?"

"భోజనం లేటవని వాటికి," అన్నాడు. కాస్త ఆలోచించి, "చేతులావిడ కూతురి పెళ్లికి రావాలనుకున్నా. నువ్వు రాడని చెప్పేశావ్," అని కలిపాడు.

వదిన లేచి అతని మణికట్టు పట్టుకుంది. అతను విదిలించుకోలేదు. ముట్టుకుంటే పడదని కూడా ఆవిడే రాసింది, తొమ్మిదో ప్రశ్నలో. ఆ టిక్కు ఎవరిదో, ఎక్కడి నుంచి పడిందో ఆ దేవుడికే తెలియాలి.

ఇద్దరూ అద్దాల గదిలోకి వెళ్లారు. వదిన నిలబడే చెప్పింది, ఆ కాగితం రాసింది నేనేనమ్మా, అందులో సగం వాడిది, సగం నాది, వాడి గది నాకు సరిపోతుంది, నా చోటు వాడికి సరిపోతుంది, అని. చిన్నమేడమ్ కళ్లు ముందు పెద్దవయ్యాయి, తర్వాత మెరిశాయి. అయితే వదినగారూ మీరు కూడా, అంటూ సొరుగు లాగి ఇంకో ఖాళీ కాగితం తీసింది. ఆవిడని తప్పు పట్టలేం. ఆకలేసినవాడికి అన్నం పెట్టినంత ప్రేమతోనే తీసింది.

వదిన ఆ కాగితం మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టింది. "అది ఉండనివ్వండమ్మా. మీరు పెట్టిన పేరు తప్పో ఒప్పో నాకు తెలియదు. ఒప్పే కావచ్చు. కానీ వాడికేం కావాలో ఇందులో లేదు. వాడు ఇక్కడే ఉన్నాడు, అడగండి."

చిన్నమేడమ్ మరిది వైపు తిరిగి, మీకేం కావాలండీ అంది. పదిహేడేళ్లలో షెడ్డు తరఫున ఎవరూ అతన్ని అలా అడగలేదు. అలవాటు కొద్దీ వదిన నోరు తెరుచుకుంది. పళ్లు బిగబట్టి మూసింది. బయట చేతులావిడ, లోపల ఏదో అయిందని, మిషను ఆపి అద్దంలోంచి చూసింది.

"బట్ట పరిచాక చీటీ మార్చకండి," అన్నాడు మరిది చివరికి.

చిన్నమేడమ్ ఇంకేదో వస్తుందని చూసింది. నరాలు, బాధ, బాల్యం, అలాంటిదేదైనా. ఇంకేమీ రాలేదు. "అంతేనా? శబ్దం అదీ..."

"శబ్దం బాగుంటుంది. అందరూ మాట్లాడుకుంటారు. బల్ల మధ్యలో కావాలి, రెండు పక్కలా నడవాలి. లైటు కావాలి, గీత కనబడాలి."

"చీటీ మాత్రం నా చేతిలో లేదండీ మాస్టారూ," అంది చిన్నమేడమ్. నిజాయితీగానే అంది. "నా మైండు అలాంటిది. ఒకటి రాయగానే ఇంకోటి తడుతుంది. ఆపుకోలేను."

"మార్చుకోండి," అన్నాడు అతను వెంటనే. "పరచక ముందు పదిసార్లు మార్చండి, నాకేం. పరిచాక వద్దు. ఇకనుంచి పదింటికి పరుస్తా."

అంటే ఆవిడ బుర్ర తిరగడానికి ఎనిమిది నుంచి పది దాకా ఖాళీ ఇచ్చాడు. రెండు రోజుల శిక్షణలో ఆవిడకి ఎవరూ ఇంత ఉపయోగపడే ముక్క చెప్పలేదు. నోటుబుక్కులో రాసుకుంది. రాసుకుంటూ ఉండగానే ఇంకేదో తట్టి పేజీ తిప్పేసింది, మళ్లీ వెనక్కి తిప్పుకుంది.

కుడి చేతుల సంగతి మిగిలింది. జేబులకీ పట్టీలకీ పెట్టిన బట్టలో కుడి చేతులు తీసి, మిగిలిపోయిన ఎడమ చేతుల్లోంచి జేబులూ, పట్టీలూ, కాలర్లూ కోస్తే సరిపోతుందన్నాడు మరిది. సరిపోదని గుమ్మంలోంచి చేతులావిడ అంది. ఎప్పుడొచ్చి నిలబడిందో.

"కాలరుకి పొడవు చాలదు మాస్టారూ. అలా కోశారంటే ఈసారి మెడలుండవు. కాలరు లోపలి పట్టీకి మధ్యలో అతుకేస్తా, రెండు ముక్కలుగా కోసివ్వండి. ఏ డాక్టరు కాలరు ఎత్తి చూస్తాడు?"

మరిది లెక్క వేసుకుని, అవును, నాకు తట్టలేదు అన్నాడు. ఆ తర్వాత, ఇల్లుగలాయన నీళ్లు వదిలాడా అని అడిగాడు. ఆవిడ ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ కథ పోలీసుల దగ్గరి నుంచి మొదలుపెట్టి చెప్పుకొచ్చింది.

భోజనాలయ్యాక ఆరుగురు పట్టి కటింగ్ బల్లని హాలు నడుమకి మోశారు. చెకింగ్ బల్ల పక్కకి జరిగి, దారిలో అడ్డంగా, ఎటూ కాకుండా ఆగింది. ట్యూబులైట్లన్నీ వెలిగాయి. మరిది ఉన్న ముక్కనంతా పరిచి, ఈ పక్క నుంచి ఆ పక్కకి నడిచి, కుడి చేతులు గీయడం మొదలుపెట్టాడు. పెట్టెల మాట ఇంకెవరూ ఎత్తలేదు. రావలసిన కొత్త మనిషికి చిన్నమేడమ్ ఫోను చేసి, అక్కర్లేదండీ అని చెప్పడం అందరికీ వినబడింది.

ఫోను పెట్టేసి ఆవిడ వదిన దగ్గరికి వచ్చింది. బల్లని ఎటు జరపాలో తెలియక మోసినవాళ్లు ఇంకా నిలబడే ఉన్నారు.

"మరి మీకు వదినగారూ? మీ బల్ల ఎక్కడ వేయమంటారు?"

ఎవరికి కిటికీ కావాలో, ఎవరికి ఫ్యాను గాలి పడదో, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెడితే గొడవ రాదో, షెడ్డులో అందరి సంగతీ వదినకి తెలుసు. నోరు తెరిచింది. ఈ మూలా అని చూసింది, ఆ మూలా అని చూసింది. మోసేవాళ్లలో ఒకడు బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకున్నాడు. ఆవిడ మరిది వైపు తిరిగింది, కాస్త చెప్పవయ్యా అన్నట్టు.

మరిది సుద్దముక్క ఆపాడు. "నాకేం తెలుసు వదినా," అన్నాడు. "అడిగింది నిన్ను కదా."

షెడ్డంతా ఆగి చూస్తోంది. వదిన కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆలోచించుకోవాలి," అంది. "రేపు చెప్తా. కాకపోతే ఎల్లుండి."